స్టెంటుకో సంతకం, పరిశోధనకో సంతకం: రెండూ ఒకటి కాదు

మీరు పెట్టిన ప్రశ్న చాలా ఇళ్లలో వచ్చేదే కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా రాస్తాను. ఖమ్మంలో ఉంటున్న మీ నాన్నగారికి 62 ఏళ్లు, షుగర్ ఉంది. రెండంతస్తులు ఎక్కితే ఛాతీ పట్టేసినట్టు అవుతోంది, ఆగితే రెండు నిమిషాల్లో తగ్గిపోతోంది. టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష, పాజిటివ్ వచ్చింది. హైదరాబాద్‌లో యాంజియో తీస్తే కుడివైపు రక్తనాళంలో 80 శాతం బ్లాకు అన్నారు, స్టెంటు, అంటే నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం, వేయాలన్నారు. దాంతోపాటు ఒక కొత్త స్టెంటు మీద పరిశోధన జరుగుతోంది, చేరతారా అని 18 పేజీల ఫారం చేతిలో పెట్టారు. "మా నాన్నని ప్రయోగాల ఎలుకని చేస్తున్నారా? సంతకం పెట్టాలా వద్దా?" అని మీరు అడిగారు.

నేను డాక్టర్ని కాదు. పదకొండేళ్లు క్యాథ్ ల్యాబ్‌లో, అంటే యాంజియోలు తీసి స్టెంట్లు వేసే గదిలో, టెక్నీషియన్‌గా పనిచేసి, ఆ తర్వాత పద్నాలుగేళ్లుగా ఇలాంటి పరిశోధనలకు కోఆర్డినేటర్‌గా ఉన్నాను. అంటే మీ చేతికొచ్చిన ఫారం లాంటివి కొన్ని వందలు పేషెంట్ల ముందు కూర్చుని చదివి వినిపించాను. మీ నాన్నగారికి స్టెంటు అవసరమా కాదా అన్నది ఆయన్ని చూసిన డాక్టరే చెప్పాలి. ఏం అడగాలో మాత్రం నేను చెప్పగలను.

మీరు రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేశారు. స్టెంటు అవసరమా అన్నది ఒకటి. అవసరమైతే పరిశోధనలో భాగంగా వేయించుకోవాలా, మామూలుగా వేయించుకోవాలా అన్నది రెండోది. మొదటిది తేలకుండా రెండో ఫారం తెరవకండి. పరిశోధనలో చేరితే స్టెంటు ఉచితం అనేసరికి మొదటి ప్రశ్న పక్కకు పోవడం నేను చాలాసార్లు చూశాను. ఉచితం కదా అని ఎవరూ పన్ను పీకించుకోరు. స్టెంటు దగ్గరికి వచ్చేసరికి ఎందుకో ఆ మాట గుర్తుండదు.

మీ నాన్నగారికి గుండెపోటు రాలేదు. ఇది ముఖ్యం. గుండెపోటు వచ్చి రక్తనాళం పూర్తిగా మూసుకుపోయినప్పుడు వెంటనే తెరవడం ప్రాణం నిలబెడుతుంది, అందులో వాదన లేదు. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి సంగతి వేరు. దీన్ని స్టేబుల్ యాంజైనా అంటారు. ఇందులో స్టెంటు ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది తేల్చడానికి పరిశోధకులకు దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మొదటిసారి మెలకువగా ఉన్న మనిషి గుండె రక్తనాళంలో బెలూన్ ఊదింది 1977 సెప్టెంబరులో. మొదటి బెలూన్లు ఆయన ఇంట్లో వంటగది బల్ల మీదే తయారయ్యాయి. దానికీ ముందు 1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ 82 ఏళ్ల ముసలావిడ కాలి రక్తనాళాన్ని ఇలాగే లోపలినుంచి తెరిచాడు. ఆవిడ కాలు తీయించుకోనని మొండికేసింది. వేళ్లు కుళ్లుతున్న ఆ కాలు నిలబడింది, ఆవిడ దాని మీదే నడిచింది. ఈ రంగమంతా పుట్టింది అక్కడినుంచే. మూసుకున్న గొట్టం తెరుచుకుంది, మనిషి బాగుపడింది. చూస్తే అంత సూటిగా ఉంటుంది కాబట్టే ఈ రంగానికి ఒక అలవాటు పట్టుకుంది. తెర మీద నల్లటి గీతలా కనిపించే రక్తనాళం సన్నగా ఉండి, స్టెంటు వేశాక లావైతే, గదిలో ఉన్న అందరికీ పని అయిపోయినట్టే అనిపిస్తుంది. నాకూ అనిపించేది. బయటికొచ్చి ఇంట్లోవాళ్లకు ముందు, తర్వాత బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించేవాళ్లం. ఎవరూ ఇంకో ప్రశ్న వేసేవాళ్లు కాదు.

అసలు ప్రశ్న అక్కడే ఉంది. నాళం బాగుపడింది సరే, మనిషి బాగుపడ్డాడా?

2007లో వచ్చిన కరేజ్ అనే ట్రయల్‌లో 2,287 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మందులు మాత్రమే, రెండో గుంపుకు మందులతోపాటు స్టెంటు. చావులోగానీ గుండెపోట్లలోగానీ తేడా కనిపించలేదు. ఎంచుకున్న పేషెంట్లు సరైనవాళ్లు కాదని చాలామంది కొట్టిపారేశారు. సరే అని ఇంకా పెద్దది చేశారు, ఇస్కీమియా ట్రయల్. 37 దేశాలు, 5,179 మంది. మన దేశం నుంచి కూడా చాలామంది చేరారు. ఫలితం 2019 చివర్లో వచ్చింది. ఐదేళ్ల దగ్గర గుండెకు సంబంధించిన పెద్ద ప్రమాదాలు స్టెంటు లేదా బైపాస్ వైపు వెళ్లినవాళ్లలో 16.4 శాతం, ముందు మందులతో మొదలుపెట్టినవాళ్లలో 18.2 శాతం. ఆ కాస్త తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి లేదు. అయితే తరచూ నొప్పి వచ్చేవాళ్లకు స్టెంటు వేశాక నొప్పి బాగా తగ్గింది. నొప్పే లేనివాళ్లకు తగ్గడానికి ఏమీ లేదు కదా.

ఈ ట్రయల్‌లో ఎవరిని చేర్చుకోలేదో కూడా చూడాలి. ఎడమవైపు మొదటి పెద్ద నాళంలో, అంటే లెఫ్ట్ మెయిన్‌లో, బ్లాకు ఉన్నవాళ్లు, గుండె పంపింగ్ 35 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్లు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు ఇందులో లేరు. కాబట్టి నేను రాసింది చదివి "స్టెంట్లు వేస్ట్" అని వాట్సాప్‌లో పంపకండి. మీ నాన్నగారి రిపోర్టులో ఈఎఫ్, అంటే ఆ పంపింగ్ శాతం, ఎంత ఉంది, లెఫ్ట్ మెయిన్ గురించి ఏం రాశారు అని చూడండి. మీరు రాసినదాన్నిబట్టి ఆయనది కుడి నాళం ఒక్కటే. పంపింగ్ కూడా బాగుంటే "కొన్ని వారాలు మందులు సరిగ్గా వాడి చూద్దామా?" అని డాక్టర్ని అడగడం తప్పు కాదు. మంచి డాక్టరు దానికి కోపం తెచ్చుకోడు.

నొప్పి తగ్గడం గురించి ఒక విచిత్రమైన సంగతి ఉంది, ఇది చెప్పకుండా వదలలేను. 1950ల్లో ఛాతీ లోపలి గోడమీద ఉండే ఒక ధమనిని కట్టేస్తే గుండెకు రక్తం ఎక్కువ వెళ్తుందని ఒక ఆపరేషన్ చేసేవాళ్లు. చాలామందికి నొప్పి తగ్గింది. 1959లో లియొనార్డ్ కాబ్ అనే డాక్టరు కొందరికి నిజంగా ధమని కట్టి, కొందరికి చర్మం మాత్రం కోసి కుట్టేశాడు. రెండు గుంపులకీ నొప్పి ఒకేలా తగ్గింది! ఆ ఆపరేషన్ అక్కడితో ఆగిపోయింది.

స్టెంటుకు అలాంటి పరీక్ష పెట్టడానికి 2017 దాకా ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో రషా అల్-లామీ బృందం ఆర్బిటా అనే ట్రయల్ ఫలితాలు బయటపెట్టింది. ఒకే నాళంలో గట్టి బ్లాకు ఉన్న 200 మందికి ముందు ఆరు వారాలు మందులు బాగా సర్దారు. తర్వాత అందరినీ క్యాథ్ ల్యాబ్‌లోకి తీసుకెళ్లారు. చెవులకు హెడ్‌ఫోన్లు, పాటలు, మత్తు. సగం మందికి స్టెంటు వేశారు. మిగతా సగం మందిని కనీసం పావుగంట అలాగే బల్ల మీద పడుకోబెట్టి, ఏమీ వేయకుండా బయటికి పంపారు. ఎవరికి ఏం జరిగిందో పేషెంటుకీ తెలియదు, వార్డులో చూసుకునే వాళ్లకీ తెలియదు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. స్టెంటు ఉన్నవాళ్లు ముందుకంటే 28 సెకన్లు ఎక్కువ నడిచారు, లేనివాళ్లు 12 సెకన్లు. ఆ తేడా స్టెంటు వల్లే వచ్చిందని చెప్పడానికి చాల్లేదు.

ఆ వారం మా ల్యాబ్‌లో టీ తాగుతూ జరిగిన గొడవ ఇప్పటికీ గుర్తుంది. పాతికేళ్లుగా స్టెంట్లు వేస్తున్న డాక్టరు ఒకాయన "నా పేషెంట్లు నాకు దండం పెట్టి వెళ్తున్నారు, అదంతా భ్రమా?" అన్నాడు. భ్రమ కాదు. అదే బృందం 2023లో ఆర్బిటా-2 చేసింది. ఈసారి 301 మంది, నొప్పి తగ్గించే మందులు ముందే ఆపేశారు. పన్నెండు వారాలు చూస్తే స్టెంటు వేసినవాళ్లకు నొప్పి స్పష్టంగా తక్కువ, ట్రెడ్‌మిల్ మీద దాదాపు నిమిషం ఎక్కువ నడిచారు. అంటే స్టెంటు నొప్పి తగ్గిస్తుంది, కాకపోతే అందరికీ కాదు, మందులు గట్టిగా వాడుతున్నవాళ్లలో ఆ లాభం అంతగా కనబడదు. ఆ రెండు ట్రయళ్లనూ కలిపి చదవాలి. ఒకదాన్నే పట్టుకుని వాదించేవాళ్లతో నేను వాదన పెట్టుకోను.

(బీపీ తగ్గించడానికి కిడ్నీ నాళం చుట్టూ నరాల్ని కాల్చే పద్ధతికీ ఇదే జరిగింది. 2014లో 535 మందిలో కొందరికి నిజం చికిత్స, కొందరికి ఉత్తుత్తి చికిత్స చేసి పోల్చి చూస్తే, నిజం చికిత్సలో 14 పాయింట్లు తగ్గిన బీపీ ఉత్తుత్తి దానిలోనూ 12 తగ్గింది. తర్వాత పద్ధతి మార్చి మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది.)

80 శాతం అన్న అంకె సంగతి కూడా చెప్తాను. చాలాచోట్ల అది కంటితో చూసి చెప్పేది. పరిశోధనలో అలా కుదరదు. యాంజియో వీడియోలు కోర్ ల్యాబ్ అనే వేరే చోటుకి వెళ్తాయి. అక్కడ కొలిచేవాళ్లకు పేషెంటు పేరుగానీ, ఏ స్టెంటు వేశారోగానీ తెలియదు. బొమ్మలో కనిపిస్తున్న క్యాథెటర్‌నే, అంటే నాళంలోకి పంపే సన్నటి గొట్టాన్నే, స్కేలుగా వాడతారు. 6 ఫ్రెంచ్ క్యాథెటర్ అంటే సరిగ్గా 2 మిల్లీమీటర్లు, దాంతో పోల్చి నాళం ఎంత ఉందో లెక్కేస్తారు. మా దగ్గర 80 అని రాసి పంపినవి అక్కడ 65 అయి తిరిగొచ్చేవి. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది, తర్వాత అలవాటైంది. ఇంకా మంచిది ప్రెషర్ వైర్. బ్లాకుకు ముందు, తర్వాత రక్తం ఒత్తిడి కొలిచి ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే అంకె చెప్తారు. అది 0.80 లేదా అంతకంటే తక్కువుంటే బ్లాకు నిజంగానే రక్తాన్ని ఆపుతున్నట్టు లెక్క. 2009లో వచ్చిన ఫేమ్ ట్రయల్‌లో 1,005 మందిని చూస్తే, ఈ అంకె చూసుకుని వేసినవాళ్లకు తక్కువ స్టెంట్లు పడ్డాయి, ప్రమాదాలూ తగ్గాయి. "ఎఫ్‌ఎఫ్‌ఆర్ చేశారా?" అని ఒక్క మాట అడగండి.

ఇవన్నీ అడిగాక స్టెంటు వేయించుకోవాలనే అనుకున్నారనుకుందాం. అప్పుడు ఫారం తెరవండి.

ఎలుక అన్నారు గానీ, ఈ రంగంలో ఆ పని ఎక్కువగా పందులది. పంది గుండె నాళాలు సైజులో మనవాటికి దగ్గరగా ఉంటాయి. స్టెంటు మనిషి దాకా రావాలంటే ముందు లోహంగా నెగ్గాలి. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే పదేళ్లలో దాదాపు 38 కోట్ల దెబ్బలు. అందుకని ఉప్పునీళ్లతో నిండిన గొట్టంలో స్టెంటు పెట్టి 40 కోట్లసార్లు వేగంగా సాగదీసి వదులుతారు, ఎక్కడైనా చీలిందా అని మైక్రోస్కోపు కింద చూస్తారు. 1990ల్లో మన హైదరాబాద్‌లోనే గుండె డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధర స్టెంటు చేసినప్పుడు అక్కరకొచ్చింది రక్షణ పరిశోధనశాలల లోహవిద్యే. లోహం పరీక్ష నెగ్గాక స్టెంటును పందికి వేసి సాధారణంగా 28 రోజుల తర్వాత నాళం బయటికి తీస్తారు. లోపల లోహం ఉంటుంది కాబట్టి మామూలు కత్తికి తెగదు. మొత్తాన్ని గట్టి ప్లాస్టిక్‌లో పోసి, గడ్డకట్టాక పలుచగా కోసి, రంగు వేసి చూస్తారు. నేనొకసారి అలాంటి ముక్కను మైక్రోస్కోపులో చూశాను. గులాబీ రంగు వలయం, దాని అంచునే వరసగా నల్లటి చిన్న చతురస్రాలు. అవి స్టెంటు తీగలు. ఒక్కో చతురస్రం మీద సన్నటి కండ పొర. ఆ పొర మరీ మందమైతే నాళం మళ్లీ మూసుకుంటుంది. అసలు లేకపోతే రక్తం గడ్డకడుతుంది. స్టెంటు చరిత్ర అంతా ఆ పొర చుట్టూనే తిరిగింది.

పాత లోహపు స్టెంట్లకు మొదటి జబ్బు ఉండేది, పొర పెరిగి నాళం మళ్లీ మూసుకుపోయేది. దానికి మందు దొరికింది ఈస్టర్ దీవి మట్టిలో. 1964లో కెనడా బృందం తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, మాంట్రియల్ ల్యాబ్‌లో పనిచేస్తున్న మన సురేంద్రనాథ్ సెహగల్ రాపమైసిన్‌ను వేరుచేశాడు. కంపెనీ ఆ పని వద్దనుకుంటే ఆయన ఆ సూక్ష్మజీవిని ఇంటి ఫ్రీజర్‌లో దాచుకున్నాడని చెప్తారు. ఆ మందు పూసిన స్టెంటు మీద 2002లో రావెల్ అనే ట్రయల్ వచ్చింది. 238 మంది, ఆరు నెలలు. పాత స్టెంట్లలో 26.6 శాతం మళ్లీ మూసుకుపోతే, కొత్తవాటిలో సున్నా. ఈ రంగంలో సున్నా అనే మాట అంతకుముందు ఎవరూ వినలేదు. 2003లో అమెరికా అనుమతి ఇచ్చింది, ప్రపంచమంతా ఎగబడింది.

2004లో రేణు వీర్మాణి అనే పాథాలజిస్టు (శరీర భాగాల్ని కోసి జబ్బును పరీక్షించే డాక్టరు), ఆవిడా భారత మూలాలున్న మనిషే, ఒక కేసు ప్రచురించింది. మందు స్టెంటు వేసిన 18 నెలలకు చనిపోయిన ఒకాయన నాళాన్ని కోసి చూస్తే, స్టెంటు మీద పూతకు శరీరం ఎదురుతిరిగింది, నాళం మానలేదు, రక్తం గడ్డకట్టింది. ఆవిడ ఎప్పటినుంచో చెప్తున్న మాట ఒకటుంది. పందికి నెలలో మానే నాళం మనిషికి ఎన్నో నెలలు తీసుకుంటుంది, ఆ 28 రోజుల బొమ్మ చూసి మురిసిపోవద్దు అని. రెండేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2006లో బార్సిలోనా సభలో ఆలస్యంగా వచ్చే గడ్డల లెక్కలు బయటపడేసరికి అందరికీ టెన్షన్ మొదలైంది. ఆ దెబ్బతోనే తీగలు సన్నబడ్డాయి, మొదట్లో 140 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉన్నవి ఇప్పుడు 60, 80కి వచ్చాయి. పూతలు మారాయి, రెండు రకాల రక్తం పల్చబడే మందులు ఎంతకాలం వాడాలో తేల్చే పరిశోధనలు మొదలయ్యాయి.

షుగర్ ఉన్న మీ నాన్నగారికి ఇక్కడ పనికొచ్చే ట్రయల్ మన దేశంలోనే జరిగింది, టక్సీడో ఇండియా. గుండె డాక్టరు ఉపేంద్ర కౌల్ నడిపించారు. షుగర్ ఉన్న 1,830 మందిలో ప్యాక్లిటాక్సెల్ అనే మందు పూసిన పాత స్టెంటునూ, ఎవరోలిమస్ అనే మందు పూసిన స్టెంటునూ పోల్చారు. షుగరున్నవాళ్లకు పాతదే నయమని అప్పట్లో కొందరి నమ్మకం. 2015లో ఫలితం వస్తే ఏడాదిలో పాతది 5.6 శాతం మందిలో విఫలమైంది, ఎవరోలిమస్‌ది 2.9 శాతమే. మన పేషెంట్లు, మన డాక్టర్లు ఇచ్చిన జవాబు ప్రపంచమంతా వాడుకుంది. ఆ 1,830 మందీ ఎలుకలా?

మీ ఫారంలో నాన్-ఇన్‌ఫీరియారిటీ అనే ముక్క దాదాపు తప్పకుండా ఉంటుంది. చాలా కొత్త స్టెంట్ల ట్రయళ్లు అవే. కొత్తది పాతదానికంటే మెరుగని నిరూపించరు, ముందే ఒప్పుకున్న హద్దు దాటి చెడ్డది కాదని మాత్రమే చూపిస్తారు. మేము వాడిన ఒక ఫారంలో దీన్ని "న్యూనత లేని అధ్యయనం" అని తెలుగు చేశారు. ఎవరికి ఏది వేశారో పేషెంటుకీ, చూసేవాళ్లకీ తెలియని డబుల్ బ్లైండ్ పద్ధతికి "ద్వంద్వ అంధ అధ్యయనం" అని రాశారు. నల్గొండ నుంచి వచ్చిన ఒక పెద్దాయన అది విని, "నాకు కండ్లు మంచిగనే కనపడ్తున్నయి సారూ" అన్నాడు. నవ్వాను గానీ, ఆ సాయంత్రం కూర్చుని ఫారం మార్చమని ఎథిక్స్ కమిటీకి, అంటే పరిశోధనలో పేషెంట్లకు అన్యాయం జరక్కుండా చూసే కమిటీకి, రాశాను. మార్చడానికి మూడు నెలలు పట్టింది.

హద్దు ఎంత పెట్టారు, ఎన్నేళ్లు చూస్తారు అన్నవి డాక్టర్ని అడగండి. కరిగిపోయే స్టెంట్ల కథ ఇందుకే గుర్తుంచుకోవాలి. లోపల లోహం మిగలదు, మూడేళ్లలో కరిగిపోతుంది అంటే ఎవరికి నచ్చదు? 2015లో అబ్సార్బ్-3 ట్రయల్ 2,008 మందితో ఏడాది ఫలితం ఇచ్చింది, హద్దులోనే ఉంది, నెగ్గింది. మూడేళ్లకు చూస్తే రక్తం గడ్డలు లోహపు స్టెంటులో 0.7 శాతం, దీనిలో 2.3 శాతం. తీగలు 150 మైక్రాన్ల మందం, కరగడం అనుకున్నంత సాఫీగా జరగలేదు. 2017లో అమ్మకాలు ఆపేశారు. ఏడాది దగ్గరే లెక్క ఆపేసి ఉంటే అది ఇవాళ మీ నాన్నగారికి వేసేవాళ్లేమో.

అందుకే ఫాలోఅప్ మీద నాకు పిచ్చి. మా పనిలో సగం ఫోన్లు చేయడమే. పేషెంటు ఇచ్చిన నంబరు అల్లుడిది, అల్లుడు దుబాయ్‌లో. రెండో నంబరు కిరాణాకొట్టుది. బస్సు ఛార్జీలు ఇస్తామని చెప్తే గానీ రారు, తప్పులేదు, ఒకరోజు కూలి పోతుంది. ఎవరైనా దొరక్కపోతే కంప్యూటర్‌లో "లాస్ట్ టు ఫాలోఅప్" అని ఒక గడి నింపేస్తే సరిపోతుంది. ఆ గడి నింపడం ఎంత తేలికో, దాని ఖరీదు అంత ఎక్కువ. కాలి రక్తనాళాలకు ప్యాక్లిటాక్సెల్ పూసిన బెలూన్ల గురించి 2018 చివర్లో ఒక విశ్లేషణ వచ్చింది. 28 ట్రయళ్లు కలిపి చూస్తే, ఆ బెలూన్లు, స్టెంట్లు వాడినవాళ్లలో కొన్నేళ్ల తర్వాత చావులు ఎక్కువగా కనిపించాయి. కంగారుపడి చాలా ఆస్పత్రులు వాడకం తగ్గించేశాయి. తర్వాత, ఫాలోఅప్‌లో జారిపోయినవాళ్లు బతికున్నారా లేదా అని వెతికి లెక్కలో కలిపేకొద్దీ ఆ తేడా తగ్గుతూ వచ్చింది. స్వీడన్‌లో జరిగిన ఒక ట్రయల్‌లో 2,289 మందితో 2020లో వచ్చిన మధ్యంతర లెక్కలోనూ చావుల తేడా కనబడలేదు. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ భయానికి ఆధారం లేదని ప్రకటించింది. దొరకని మనుషుల వల్ల ఐదేళ్లు ఒక చికిత్స బోనులో నిలబడింది.

ఇక ఫారంలో చూడాల్సినవి. సీటీఆర్‌ఐ, అంటే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, నంబరు ఉండాలి. మన దేశంలో 2009 నుంచి ట్రయల్స్‌ని ఆ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ నంబరు వెబ్‌సైట్‌లో కొడితే ఎవరు డబ్బు పెడుతున్నారు, ఎంతమందిని చేర్చుకుంటున్నారు, ఏం కొలుస్తున్నారు అన్నీ కనిపిస్తాయి. నంబరు లేదంటే లేచి వచ్చేయండి. ఫారం తెలుగులో ఉండాలి, ఒక కాపీ మీకివ్వాలి. పరిశోధన వల్ల హాని జరిగితే వైద్యం, నష్టపరిహారం ఎవరిదో రాసి ఉండాలి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉండాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చు, వచ్చినా మామూలు వైద్యం ఆగదు అని ఉండాలి. డబ్బు సంగతి విడిగా అడగండి. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం మందు స్టెంటు ధరకి 29,600 అని హద్దు పెట్టాక స్టెంటు ఖరీదు బిల్లులో పెద్ద ముక్క కాదు. స్టెంటు ఉచితం అన్నంత మాత్రాన గది, క్యాథ్ ల్యాబ్ చార్జీలు, ఆరు నెలలకు మళ్లీ యాంజియో ఉంటే దాని ఖర్చు కూడా ఉచితమని కాదు. ఆరోగ్యశ్రీలో వెళ్తున్నట్టయితే రెండూ ఎలా కలుస్తాయో రాతలో తీసుకోండి. అదనపు యాంజియో ఉంటే అది మీ నాన్నగారి అవసరమా, పరిశోధన అవసరమా అని కూడా అడగండి.

సంతకానికి తొందరపెడుతున్నారా అన్నది నాకు అన్నిటికంటే పెద్ద గుర్తు. నేను పనిచేసిన ఒకచోట పేషెంటుని బల్ల మీద పడుకోబెట్టాక, చేతిలో సూది ఉండగా ఫారం చదివించడం చూశాను. అభ్యంతరం చెప్పాను, ఆ నెలలో నన్ను వేరే పనికి మార్చారు. ఫారం ఇంటికి తీసుకెళ్లి రెండు రోజులు చదువుకోండి అన్నారంటే సగం నమ్మవచ్చు. మీకు ముందే ఇచ్చారు కాబట్టి అది మంచి లక్షణమే.

నన్నడిగితే, స్టెంటు అవసరం తేలి, పైవన్నీ సరిగా ఉంటే, మా ఇంట్లోవాళ్లనైనా చేర్పిస్తాను. ట్రయల్‌లో ఉన్నవాళ్లని ఎవరో ఒకరు క్రమం తప్పకుండా ఫోన్ చేసి అడుగుతారు, బయట అది దొరకదు. పరిశోధనలో ఉన్నా లేకున్నా ఒక జాగ్రత్త: రక్తం పల్చబడే రెండు మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. పన్ను పీకడానికి ఐదురోజులు మాత్రలు ఆపేయమని ఎవరో చెప్తే ఆపేసి, నాలుగో రోజు గుండెపోటుతో వచ్చినాయన్ని నేను చూశాను. స్టెంటు వేసి రెండు నెలలే. పళ్ల డాక్టరుకైనా, ఎవరికైనా ముందు స్టెంటు కార్డు చూపించాలి. పంటి సమస్య ఉంటే స్టెంటుకు ముందే చూపించుకుంటే ఇంకా మేలు.

రేపు ఆస్పత్రికి వెళ్లినప్పుడు యాంజియో సీడీ అడిగి తీసుకోండి, రెండో డాక్టరు అభిప్రాయానికి రిపోర్టు కాగితం సరిపోదు. సీడీని అక్కడే కంప్యూటర్‌లో పెట్టించి పేరు, తేదీ చూసుకోండి. ఇంటికెళ్లి తెరిస్తే వేరేవాళ్ల గుండె కనిపించిన సంఘటనలు నాకు రెండు తెలుసు.